పొత్తిళ్ళ వైద్యం

మిరప కోతల రోజుల్లో జగ్గయ్యపేట నుంచి నందిగామ వైపు లోపలి దారుల్లో వెళుతుంటే, చేను గట్టున వేపచెట్టుకో తుమ్మచెట్టుకో పాత చీర ఉయ్యాల కనిపిస్తుంది. తల్లి సాళ్ళ మధ్య ఎక్కడో ఉంటుంది. ఉయ్యాల దగ్గర ఓ ముసలమ్మో, చిన్న ఆడపిల్లో. బిడ్డ కెవ్వుమంటే ముందు ఊపుతారు, తర్వాత ఎత్తుకుంటారు, అప్పటికీ ఊరుకోకపోతే తల్లిని కేకేస్తారు. మిరపకాయలు కోసిన చేతులు కనుక ఆమె రుద్ది రుద్ది కడుక్కున్నాకే బిడ్డను ముట్టుకోవాలి. అంతసేపూ ఏడుపే. 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి మారినా, ఇక్కడి వాళ్ళ నోట ఇది కృష్ణా జిల్లా మెట్టే. మెట్ట పొలాల్లో పిల్లల్ని పెంచడం ఎప్పుడూ ఇలాగే ఉంది.

పనికి వెళ్ళాల్సిన తల్లికి బిడ్డ ఏడుపును మించిన పరీక్ష లేదు. వెనకటి రోజుల్లో చాలాచోట్ల దానికి దొరికిన సులువు మార్గం నల్లమందు. 1920ల మొదట్లో బొంబాయి మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళ స్థితిగతుల మీద డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలు నివేదిక ఇచ్చింది. వాళ్ళ పసిపిల్లల్లో 98 శాతం మందికి నల్లమందు పెడుతున్నారని రాసింది. బాలగోళీలని చిన్న చిన్న మాత్రలు అమ్మేవారు. మిల్లు కూత వేసే వేళకు బిడ్డ నిద్రపోవాలి, లేదంటే ఆ పూట కూలి పోయినట్టే.

ఇదేదో మన వెనకబాటుతనం అనుకోనక్కర్లేదు. ఇంగ్లండులో గాడ్‌ఫ్రే కార్డియల్, అమెరికాలో మిసెస్ విన్‌స్లో సిరప్ ఇంటింటా ఉండేవి. మొదటి దాంట్లో నల్లమందు, రెండో దాంట్లో మార్ఫిన్. ఆ తల్లులు బిడ్డల మీద ప్రేమ లేనివాళ్ళు కారు. తీరిక లేనివాళ్ళు.

ఇప్పుడు అదే మందు మరో దారిలో పసిబిడ్డ దాకా వస్తోంది. అమెరికాలో ఇది ఎక్కువ. గర్భిణి నల్లమందు జాతి నొప్పి మాత్రలు వాడుతున్నా, హెరాయిన్‌కు అలవాటు పడినా, ఆ అలవాటు నుంచి బయటపడటానికి మెథడోన్ లాంటి మందులు తీసుకుంటున్నా, అవి మాయ దాటి బిడ్డకు చేరతాయి. పుట్టగానే బొడ్డు కోస్తారు. మందూ అక్కడితో ఆగిపోతుంది. సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లో, కొన్ని మందులతో ఇంకాస్త ఆలస్యంగా, బాధ బయటపడుతుంది. చెవులు చిల్లులు పడేలా సన్నగా కీచుమని ఏడుపు, కాళ్ళూ చేతులూ వణుకు, ఆగకుండా తుమ్ములు, ఆవులింతలు. ఆకలితో నోరు తెరుస్తుంది, రొమ్ము పట్టలేదు. కునుకు పట్టీ పట్టకముందే ఉలిక్కిపడుతుంది. బిడ్డకు వ్యసనం ఉందని కాదు. ఒంటికి అలవాటైంది ఒక్కసారిగా లేకుండా పోయింది, అంతే.

ఇలాంటి బిడ్డల లక్షణాలకు మార్కులు వేసే పద్ధతిని 1970ల మధ్యలో ఫిలడెల్ఫియాలో డాక్టర్ లొరెటా ఫినెగన్ రూపొందించారు. కొన్ని గంటలకోసారి తుమ్ములూ వణుకులూ లెక్కపెట్టడం, మార్కులు పెరిగితే చుక్కల మార్ఫిన్ మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ రావడం. చాలా ఏళ్ళు అదే నడిచింది. బిడ్డ ఐసీయూ దీపాల వెలుగులో, తల్లి ఇంకో చోట.

తర్వాత యేల్ ఆసుపత్రిలో డాక్టర్ మాథ్యూ గ్రాస్‌మన్ బృందం ప్రశ్నలు మూడుకు కుదించింది. కడుపుకు సరిపడా తాగుతోందా? ఒక గంటైనా నిద్రపోతోందా? ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకుంటోందా? మూడూ సరిగా ఉంటే తుమ్ములు ఎన్నైనా కంగారు లేదు. వైద్యం ఏమిటంటే మసక వెలుతురు గది, చప్పుడు లేకపోవడం, పొత్తిళ్ళలో ఒద్దికగా చుట్టడం, తల్లిపాలు, తల్లి ఒడి. రెండు పద్ధతులనూ పోలుస్తూ 2023లో వెలువడిన పరిశోధనలో 26 ఆసుపత్రులు, 1,305 మంది బిడ్డలు. పాత పద్ధతిలో ఇంటికి వెళ్ళే స్థితి రావడానికి సగటున దాదాపు పదిహేను రోజులు పడితే, ఇందులో ఎనిమిది. మందు అవసరమైన వాళ్ళు సగం మంది నుంచి అయిదో వంతుకు తగ్గారు.

అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళొచ్చే మన అమ్మమ్మలు ఇది వింటే నవ్వుతారేమో. ఎత్తుకుంటే ఊరుకుంటుందని తెలుసుకోవడానికి ఇంత పరిశోధనా అని. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఒడి విలువ తెలిసిన ఆ పాతకాలమే నల్లమందు గోళీనీ నమ్మింది. ఏది బిడ్డకు మేలో లెక్క కట్టి చూసేవాళ్ళు ఒకరుండాలి. ఒడి ఒక్కటే చాలని ఆ అయిదో వంతు బిడ్డలు మనకు చెప్పడం లేదు కదా. వాళ్ళకు మందు కావాలి, ఆసుపత్రి కావాలి.

ఒడినే వైద్యంగా మార్చడం మనకూ కొత్త కాదు. మన దగ్గర నెలలు నిండని బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతి ఉంది. 1970ల చివర్లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది అది. లేమిలోంచి పుట్టిన వైద్యం పెద్ద పెద్ద ఆసుపత్రులకు పాకింది.

నా ఆలోచన మాత్రం తల్లి దగ్గరే ఆగుతోంది. కీచుమని ఏడ్చే బిడ్డను చూస్తూ, ఇదంతా నా వల్లే అనుకుంటూ కూర్చున్న మనిషి. కోతలకు వంగి వంగి నడుము పడిపోయి ఏ మాత్ర వేసుకుందో, ఎన్నాళ్ళు వేసుకుందో పురిటికొచ్చిన పిల్లను ఎవరడుగుతారు? అడిగితే మాత్రం అత్తింటివాళ్ళకు తెలుస్తుందన్న భయంతో చెబుతుందా? అది నల్లమందు జాతి మాత్రే అయితే, చెప్పకుండా తనకు తానే ఒక్కసారిగా మానేస్తే కడుపులో బిడ్డకూ ప్రమాదమే. "ఏం మాత్రలు వాడావమ్మా?" అని నర్సమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగితే సగం బరువు దిగుతుంది. ఆ తర్వాత డాక్టరు చూసుకుంటారు.

ఇక పది నిమిషాల్లో బిడ్డను ఊరుకోబెట్టే సంగతి. పాలివ్వడం తప్ప మిగతాదంతా ఎవరైనా చేయొచ్చు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళలో పిల్లల్ని భుజాలకెత్తుకుని గంటలకొద్దీ తిరిగే మగవాళ్ళు, పురిటి గది గడప దగ్గరికొచ్చేసరికి ఎందుకో బయటే నిలబడిపోతారు. వాళ్ళ చేతికి ఓ పూట పొత్తిళ్ళ మూట అందించి చూడాలి. ఎలా పట్టుకోవాలో తెలియకపోతే నేర్పడానికి అత్తగారు అక్కడే ఉంటుంది, కాస్త విసుక్కున్నా.