గుమ్మం వెడల్పు ఎంతండీ?

వేసవి సెలవులు వస్తున్నాయంటే ప్రతి ఇంట్లోనూ ప్రయాణాల మాటే. ఊటీయా, అరకా, పూరీయా అని పిల్లలు పేచీ పెడతారు. కిటికీ పక్క ఎవరు కూర్చోవాలో కూడా అప్పుడే తేలిపోతుంది. ఆ సందడిలో ఒకరి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పోలియో వచ్చిన కాలితో, చేతికర్ర సాయంతో నడిచే పిన్ని కావచ్చు. పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో ఉన్న తాతగారు కావచ్చు. చూపులేని అన్నయ్య కావచ్చు. "నాకెందుకులే, మీరు వెళ్ళిరండి, ఇల్లు నేను చూసుకుంటాను" అని ముందుగా వారే అనేస్తారు. "పాపం, అంత శ్రమ పడలేరు" అని మనమూ ఊరుకుంటాం. ఇందులో ప్రేమ లేకపోవడం ఏమీ లేదు. కాని ఏళ్ళు గడిచేసరికి ఆ మనిషికి మిగిలిన లోకమల్లా ఇంటికీ ఆస్పత్రికీ మధ్యనున్న రోడ్డే అవుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. (ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. పేరు మారినంత తేలికగా మెట్లు మారడం లేదు.) వీరికి సముద్రం చూడాలనీ, కొండగాలి పీల్చాలనీ ఉండదా? అడ్డుపడేది చాలాచోట్ల కాలూ కాదు, కన్నూ కాదు. నాలుగంగుళాలు తక్కువైన తలుపు.

హోటలుకు ఫోను చేసి, "చక్రాల కుర్చీలో వచ్చేవారికి సదుపాయం ఉందా?" అని అడిగి చూడండి. "అన్నీ ఉన్నాయండీ, నిశ్చింతగా రండి" అంటారు. అబద్ధమాడాలని కాదు. లిఫ్టు ఉంది గనక అన్నీ ఉన్నట్టే అని వారి నమ్మకం. తీరా వెళితే ఆ లిఫ్టు అయిదు మెట్లు ఎక్కాక ఉంటుంది. గది తలుపులోంచి కుర్చీ దూరుతుంది, స్నానాల గది తలుపులోంచి దూరదు. అంచేత సదుపాయం ఉందా అని అడగకండి. గుమ్మం వెడల్పు ఎంతండీ అని అడగండి.

మామూలు చక్రాల కుర్చీ వెడల్పు 65 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చక్రం తిప్పుకునే చేతులకు కూడా చోటుండాలి కదా! అందుకే గుమ్మం 90 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మూడడుగులు ఉండాలని ప్రభుత్వ ప్రమాణాలు చెబుతాయి. లోపల కుర్చీ వెనక్కి తిరగడానికి అటూ ఇటూ అయిదడుగుల ఖాళీ కావాలి. ఇక ర్యాంపు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు అని లెక్క. ఆరంగుళాల మెట్లు మూడు ఉంటే అడుగున్నర ఎత్తు. ర్యాంపు పద్ధెనిమిది అడుగులు ఉండాలి. నాలుగడుగుల పలక వాల్చి ఇదే ర్యాంపు అనేవారున్నారు. దానిమీద బియ్యం బస్తాలు జార్చవచ్చు గాని మనిషి ఎక్కలేడు.

గుమ్మమూ, మెట్లూ, కమోడు పక్కన పట్టుకునే కడ్డీ ఫోటో తీసి పంపమనండి. టేపు పెట్టి కొలవమంటే విసుక్కునే మేనేజరు ఉంటాడు. విసుక్కున్నాడంటే ఆ హోటలు సంగతి తెలిసిపోయినట్టే. కొలిచి చూసి, "మా తలుపు 70 సెంటీమీటర్లేనండీ, మీకు ఇబ్బందవుతుంది" అని చెప్పేవాడు దొరికితే అతనికి ఒక నమస్కారం పెట్టండి. అంతకన్నా మర్యాద చేసేవాడు లేడు. "ఫరవాలేదండీ, మా కుర్రాళ్ళు నలుగురున్నారు, ఎత్తుకుని తీసుకెళతారు" అనేవాడి మంచితనాన్ని నేను శంకించను. కాని నలుగురి చేతులమీద బాత్‌రూముకి వెళ్ళిరావడం సెలవు ఎలా అవుతుంది? ఆ భయంతోనే తెల్లవారినప్పటినుంచీ మంచినీళ్ళు తాగడం మానేసి ప్రయాణం చేసేవారున్నారు. ఆ మాట వారు పైకి అనరు.

రైలు సంగతి కొంత నయం. తోడులేనిదే ప్రయాణం చేయలేని వికలాంగులకు స్లీపరులోనూ, మూడో తరగతి ఏసీలోనూ టిక్కెట్టు ధరలో 75 శాతం, రెండో తరగతి ఏసీలో 50 శాతం రాయితీ ఉంది. వెంట వెళ్ళే ఒకరికీ అంతే. రైల్వేవారి గుర్తింపు కార్డు ముందుగా తీసుకోవాలి. చాలా ఎక్స్‌ప్రెసు బళ్ళలో ఈ చివరో ఆ చివరో గార్డు పెట్టెలో కొంత భాగం వీరికోసం వెడల్పు తలుపుతో ఉంటుంది. మిగతా పెట్టెల తలుపులు అందరికీ తెలిసినవే. నిటారు మెట్లు, ఇరుకు నడవ. రాయితీ వచ్చినంత మాత్రాన పెట్టె ఎక్కినట్టు కాదు సుమా!

విమానంలో సాయం కావాలంటే 48 గంటల ముందు చెప్పాలి. అయితే 2012లో ఏం జరిగిందో చూడండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్ అనే ఆమె ఒక సదస్సు కోసం కలకత్తా నుంచి గోవా బయలుదేరింది. విమానంలో తన సీట్లో కూర్చున్నాక, ఈమె ప్రయాణానికి తగదని సిబ్బంది దింపేశారు. తన పని తాను చేసుకోగల, చదువుకున్న మనిషి! ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2016లో కోర్టు ఆమెకు 10 లక్షల పరిహారం ఇమ్మంది. సదస్సు మాత్రం తిరిగి రాలేదు.

అదే 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. కొలతలూ వచ్చాయి. కాని వాటిని పాటించితీరాలా, పాటిస్తే మంచిదా అన్నది తేలకుండా ఉండిపోయింది. చూపులేని రాజీవ్ రతూరీ అనే ఆయన 2005లో వేసిన వ్యాజ్యంలో, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. ఇవి సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు మూడు నెలల్లో చెయ్యండి అని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో దేశంలోని పరిస్థితిని పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంవారే.

తలచుకుంటే ఏం చేయవచ్చో మద్రాసు మెరీనాలో చూడవచ్చు. మన తెలుగువాళ్ళు తరతరాలుగా షికారు చేసిన చోటే. ఇసుకలో చక్రాల కుర్చీ గజం కదలదు. రోడ్డుమీద ఆపి, "అదుగో సముద్రం" అని చూపించి తిరిగివచ్చేవారు. 2022 నవంబరులో అక్కడ 263 మీటర్ల చెక్కబాట పరిచారు. కుర్చీ అలల దాపుకు వెళ్ళింది. మరుసటి నెలలోనే తుపాను వచ్చి కొంత ఎత్తుకుపోయింది. మళ్ళీ బాగుచేశారు.

ఇక మన ఇళ్ళు. హోటళ్ళను అన్నాం గాని, చుట్టమై వచ్చిన వికలాంగుడికి మనం చేసే మర్యాద ఏపాటిది? ఆయన ఎదురుగానే ఉండగా ఆయన భార్యను, "అన్నయ్యగారికి కాఫీలో పంచదార వెయ్యమంటారా?" అని అడుగుతాం. కాలికి దెబ్బ తగిలితే నాలుకకేమైంది? ఆయన్నే అడగాలి. చూపులేని అతిథికి వచ్చిన పూట గదంతా ఒకసారి చేత్తో తాకించి చూపించి, ఆ తరువాత కుర్చీ జరపకుండా ఉంటే చాలు, మంచినీళ్ళు ఆయనే తెచ్చుకుంటారు. చెవులు వినపడని ఆవిడ ఎదురుగా కాగితమూ కలమూ పెట్టండి, అరవకండి. స్నానాల గదిలో కాళ్ళు జారని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేయండి. తలుపు ఇరుకైతే ఆ నాలుగు రోజులకూ రెక్క ఊడదీయించి తెర కట్టవచ్చు.

అన్నిటికన్నా చిక్కు మన గడపతో. రెండంగుళాల గడపే కదా అనుకుంటాం. దానికి చక్రాల కుర్చీ ఆగిపోతుంది, ముందుకు తూలుతుంది కూడా. అటొకటీ ఇటొకటీ రెండడుగుల పొడవు వాలుచెక్కలు కావాలి. వడ్రంగికి ఒక పూట పని. పసుపు రాసిన గడపకు చెక్క ఆనించడమేమిటని పెద్దవాళ్ళు సణిగితే, మేకులు కొట్టకుండా పెట్టి తీసేవిగా చేయించండి. చుట్టాలు వెళ్ళాక మంచం కింద పెట్టుకోవచ్చు.