ప్రమాణం తప్పినవారికి పదవి

మొన్న ఆదివారం సంఘ భవనంలో కాఫీల వేళ ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. "ఏమండీ, ప్రభుత్వం మీద తిరగబడ్డవాడు అదే ప్రభుత్వంలో పదవి చేయరాదని అమెరికా రాజ్యాంగంలోనే వ్రాశారట. అక్కడున్న మా మనవడు చెప్పాడు. నిజమేనా? నిజమైతే అంత రభస యెందుకయింది?" అన్నారు. అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాము. ఆ బాకీ యిప్పుడు తీర్చుకుంటున్నాము.

వ్రాసిన మాట నిజమే. 1861లో అమెరికా దక్షిణాది రాష్ట్రాలు బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయి, వేరు ప్రభుత్వం పెట్టుకుని, నాలుగేళ్లు పోరాడి ఓడిపోయాయి. ఓడి యేడాది తిరగకుండానే, ఆ వేరు ప్రభుత్వంలో ఉపాధ్యక్షుడుగా వున్న అలెగ్జాండర్ స్టీఫెన్స్‌ను జార్జియా రాష్ట్రం సెనేటుకు యెన్నుకుంది! నిన్న యింటికి నిప్పు పెట్టినవాడు నేడు తాళంచెవులు అడిగినట్టయింది. సభవారు ఆయనను కూర్చోనివ్వలేదు. 1868లో అమలుకు వచ్చిన పద్నాలుగవ సవరణ మూడవ సెక్షనులో యీ సంగతికి నియమమే పెట్టారు.

ఆ నియమం తిరగబడిన ప్రతివాడికీ కాదు. రాజ్యాంగానికి కట్టుబడి వుంటానని ముందు ప్రమాణం చేసి పదవి అనుభవించి, తరువాత తిరుగుబాటులో చేరినవారికే. ఏ ప్రమాణమూ చేయని సామాన్య సిపాయి జోలికి పోలేదు. అందులో జైలు లేదు, జుల్మానా లేదు. మళ్లీ పదవి మాత్రం లేదు. ఉభయ సభలలోనూ మూడింట రెండు వంతులమంది ఒప్పుకుంటే ఆ నిషేధమూ తొలగిపోతుంది.

1872లో చాలామందికి అలాగే తొలగించారు. ఆ స్టీఫెన్సే 1873లో ప్రతినిధుల సభలో కూర్చున్నాడు. మిగిలినవారికి 1898లో తొలగించారు. క్షమించడం తప్పని మేము అనము. కాని పాత నాయకులు దక్షిణాదిలో మళ్లీ అధికారానికి వచ్చాక, బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారి వోటుహక్కు క్రమంగా వూడిపోయింది. క్షమించినవారు ఒకరు, దాని ఖరీదు చెల్లించినవారు మరొకరు.

ఇక మనవడు చెప్పిన రభస. 2021 జనవరి 6న, అధ్యక్ష యెన్నిక వోట్లను కాంగ్రెసు లెక్కిస్తూండగా ఒక గుంపు సభాభవనం మీద పడింది. ఆ గుంపులో వున్న న్యూమెక్సికో జిల్లా కమిషనరు ఒకరిని 2022లో అక్కడి కోర్టు యీ సెక్షను కిందనే పదవి నుంచి తొలగించింది. 2023 డిసెంబరులో కొలరాడో సుప్రీంకోర్టు, డొనాల్డ్ ట్రంప్ పేరు తమ రాష్ట్రపు బ్యాలెట్టులో వుండరాదన్నది. 2024 మార్చిలో దేశపు సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. దేశస్థాయి పదవుల విషయంలో యీ సెక్షనును అమలుపరచే అధికారం రాష్ట్రాలకు లేదు, అది కాంగ్రెసు పని అన్నది. ఆయన తిరుగుబాటు చేశాడా లేదా అన్నది మాత్రం తేల్చలేదు. ఆయన ఆ నవంబరులో గెలిచి, 2025 జనవరిలో మళ్లీ ప్రమాణం చేశారు. చిన్న పదవికి పడిన తాళం పెద్ద పదవికి పడలేదు.

పెద్దాయనకు మా జవాబు యిది: నియమం వ్రాశారు గాని, తగవు వస్తే యెవరు తీర్చాలో ఆ సెక్షనులో వ్రాయలేదు. మన రాజ్యాంగం యీ పాటి జాగ్రత్త పడింది. పార్లమెంటు సభ్యుడి అనర్హతపై తగవు వస్తే, యెన్నికల సంఘం అభిప్రాయం ప్రకారం రాష్ట్రపతి తీర్చాలని 103వ అధికరణం చెబుతున్నది. 1963 నుంచి, యెన్నికకు నిలబడే అభ్యర్థి కూడా దేశ సమగ్రతను కాపాడుతానని ముందే ప్రమాణం చేయాలి.

ఆ ప్రమాణాన్ని మన పిల్లలచేత ఒకసారి చదివించండి; నాలుగు పంక్తులే. జవాబు సంతృప్తిగా వుంటే, వచ్చే ఆదివారం కాఫీ పెద్దాయనదే.