మన పిల్లల గుండెకు ముప్పు వైఫైతోనా, గొంతునొప్పితోనా?



వారం రోజులుగా మన గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. మీలో చాలామంది వినే ఉంటరు. బడుల్లో వైఫై పెడితే పిల్లల గుండె దడ పెరుగుతదనీ, గుండె దెబ్బతింటదనీ, ఆశ్రమ పాఠశాలల్లో పెట్టనియ్యొద్దనీ దాని సారాంశం. ఒక తమ్ముడు నాకు కూడా పంపి "అన్నా, దీని మీద రాయి" అన్నడు. అది వచ్చినప్పుడు నేను చంపాపేట్‌లో రూములో ఉన్న. ఎదురు బిల్డింగు మీద సెల్ టవర్. దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల కోసం వచ్చినవాళ్ళు ఒక్కో రూములో నలుగురైదుగురు ఉండే గల్లీ ఇది. ఫోన్ తెరిస్తే ఇరవై వైఫై పేర్లు కనిపిస్తయి. మెసేజ్ పంపిన తమ్ముడి ఊర్లో మాత్రం ఫోన్ మాట్లాడాలంటే గుట్ట ఎక్కాలె.

భయపడ్డవాళ్ళను నేను ఎగతాళి చెయ్యను. మన హాస్టళ్ళలో ఏం జరిగిందో మరిచిపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పేరుతో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు, దాదాపు 14 వేల మందికి, సూదులు వేశారు. వాళ్ళలో చాలామంది భద్రాచలం వైపు హాస్టళ్ళలో ఉన్న మన పిల్లలే. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది. ఆ సూదులు వేసుకున్నవాళ్ళలో కొందరు పిల్లలు చనిపోయారు కూడా. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు. సరే, అనుకుందాం. కానీ అమ్మానాన్నలను అడగకుండా సంతకం పెట్టిన చెయ్యి సంగతేంది? అందుకే "మా పిల్లల మీద ఏం పెడుతున్నరు?" అని అడగడం మన హక్కు. టీకా అయినా, రౌటర్ అయినా.

అయితే అడిగినప్పుడు వచ్చే జవాబును కూడా వినాలె కదా.

ఈ గుండె మాట ఎక్కడి నుంచి పుట్టింది? 2010లో కెనడాలోని ఒంటారియోలో, సింకో కౌంటీ బడుల పిల్లల తల్లిదండ్రులు కొందరు, బడికి పోయినప్పుడు పిల్లలకు తలనొప్పి, తలతిరుగుడు, గుండె దడ వస్తున్నయని, సెలవు రోజుల్లో తగ్గుతున్నయని, దానికి వైఫైయే కారణమని చెప్పారు. వాళ్ళ అనుమానం నిజాయితీగానే ఉండొచ్చు. కానీ బడికి పోతే వచ్చి ఆదివారం పోయే తలనొప్పికి వందా తొంభై కారణాలుంటయి. హాస్టల్లో చదివినవాళ్ళకు ఆ సంగతి నేను చెప్పాల్నా?

2018లో వచ్చిన ఎలుకల పరిశోధన ఇంకొంచెం బరువైనది. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ మూడు కోట్ల డాలర్ల ఖర్చుతో చేసింది. 2జీ, 3జీ ఫోన్ల రేడియేషన్‌ను ఎలుకల శరీరమంతటికీ రోజుకు తొమ్మిది గంటల చొప్పున, రెండేళ్ళ దాకా ఇచ్చారు. మగ ఎలుకల గుండెల్లో నరాల పొర నుంచి పుట్టే ఒక అరుదైన గడ్డ కనిపించింది. ఇటలీలోని రామజ్జీని ఇన్‌స్టిట్యూట్‌కూ మగ ఎలుకల్లో అలాంటి గడ్డలే కనిపించినయి. మన మెసేజ్‌లో ఇంతవరకే చెప్పారు. మిగతాది చెప్పలేదు. అమెరికా పరిశోధనలో ఆడ ఎలుకల్లో అంత స్పష్టంగా ఏమీ తేలలేదు. రేడియేషన్ తగిలిన మగ ఎలుకలు, తగలనివాటి కంటే ఎక్కువ కాలం బతికినయి. వైఫైని అసలు పరీక్షించనే లేదు.

రౌటర్ నుంచి వచ్చే శక్తి మామూలుగా ఒక వాటులో పదో వంతు. దూరం రెండింతలైతే మన మీద పడేది నాలుగో వంతుకు దిగుతది. అందుకే గోడకున్న రౌటర్ కంటే చెవికి ఆనించిన ఫోన్ నుంచే ఎక్కువ తగులుతది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే వర్గంలో పెట్టిన మాట నిజమే. ఆసియా దేశాల్లో ఊరబెట్టే కూరగాయలు కూడా అదే వర్గంలో ఉన్నయి. ఇక గుండెకు సంబంధించి జాగ్రత్త పడాల్సింది పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు. వాళ్ళు ఫోన్‌ను ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచుకోవాలె, చొక్కా జేబులో పెట్టుకోవద్దు.

జాగ్రత్త వద్దని నేను అనను. ఫ్రాన్స్ 2015లో చట్టం చేసి మూడేళ్ళ లోపు పిల్లలుండే చోట్ల వైఫైని నిషేధించింది. ప్రాథమిక బడుల్లో పాఠానికి అవసరం లేనప్పుడు ఆపెయ్యాలన్నది. స్విచ్ ఆపడానికి ఖర్చేముంది? మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. అనుమానం ఉంటే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ టవర్ వివరాలు చూడొచ్చు. 4,000 రూపాయలు కడితే వచ్చి కొలుస్తరు. బడి పక్కన టవర్ పెడితే గ్రామసభలో కాగితాలు అడగండి.

ఇప్పుడు నా అసలు బాధ చెప్త. మా ఊరి పిల్ల ఒకతి హాస్టల్లో ఆరో తరగతి చదివేది. గొంతునొప్పి, జ్వరం వచ్చినయి. ఒక గోలీ ఇచ్చి పడుకోబెట్టారు. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది, అది తగ్గి మడమ వాచింది. "పెరిగే వయసు, నొప్పులుంటయి" అన్నరట. ఏడాది తిరిగేసరికి మెట్లెక్కితే ఆయాసం. పట్నం తీసుకొస్తే గుండె కవాటం పాడైందన్నరు. దీన్ని రుమాటిక్ గుండె జబ్బు అంటరు. గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో మొదలవుతది. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకే ఎక్కువ. ఇరుకు గదుల్లో, పక్కపక్కనే పడుకునే చోట తొందరగా అంటుకుంటది. మన హాస్టల్ గది కళ్ళ ముందు కనిపిస్తలేదా? గొంతునొప్పి అప్పుడే పెన్సిలిన్ ఇస్తే ఈ జబ్బు దాకా రాదు. పెన్సిలిన్ పాత మందు, చవకైన మందు. ఇప్పుడు ఆ పిల్ల మూడు వారాలకోసారి సూది వేయించుకుంటోంది. ఏండ్ల తరబడి వేయించుకోవాలె.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికోసారి ప్రతి సర్కారు బడికి రావాలె. చూడాల్సిన జబ్బుల జాబితాలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఉంది, రుమాటిక్ గుండె జబ్బూ ఉంది. మీ హాస్టల్‌కు ఆ బృందం ఎప్పుడొచ్చింది? ప్రతి పిల్ల ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విన్నరా, హాజరు పట్టీ చూసి టిక్కులు కొట్టి పోయిన్రా? రాత్రి పూట ఏఎన్ఎం ఉంటదా?

ఇంకో మాట. 2020లో టీవీలో, ఫోన్లలో పాఠాలు చెప్పినప్పుడు సిగ్నల్ లేక మన పిల్లలు గుట్టలెక్కి కూర్చున్నరు. సిగ్నల్ లేని చోట 108కు ఫోన్ కలవదు. "మాకు వైఫై వద్దు" అని మనమే రాసిస్తే, ఇయ్యనోళ్ళకు అంతకంటే కావాల్సిందేముంది?

తమ్ముడికి నేను తిరిగి ఒక్కటే ప్రశ్న పంపిన. మీ హాస్టల్లో ఈ నెల ఎంతమందికి గొంతునొప్పి వచ్చింది, రిజిస్టర్‌లో చూసి చెప్పమన్న. రెండు రోజులకు జవాబొచ్చింది. "అసలు రిజిస్టరే లేదట అన్నా."