నాచు పొట్లముతో పాటు వెలుతురు సంగతియు చెప్పవలెను

వరి మడిలో నాచు కనబడగానే మైలుతుత్తము మూటను వెదకు రైతులు పెక్కుమంది కలరు. వారిని తప్పుపట్టజాలము. నీలి ఆకుపచ్చ నాచు పొట్లము చేతికిచ్చి, నాటిన వారమునకు ఎకరమునకు 4 కిలోలు చల్లుడని చెప్పినంతనే చాలదు. అది దేనితో బ్రతుకునో తెలియనిదే రైతు దానిని ఎందుకు కాపాడును?

నాచు అని పిలుచుచున్నను ఇది నిజమునకు బాక్టీరియా జాతి. దీని ఆధారము వెలుతురు. వరి ఆకులు ఎరుపు, నీలి కాంతిని ఎక్కువగా పీల్చుకొనగా, ఆకుపచ్చ, పసుపు కాంతి కొంత మిగిలి నీటిపై పడును. ఆ మిగులును పట్టుటకు ఈ నాచులో ప్రత్యేకమైన రంగు పదార్థములు గలవు. కొన్ని రకములలో ఎర్రని ఫైకోఎరిత్రిన్ ఆకుపచ్చ కాంతిని పట్టి, ఆ శక్తిని నీలి రంగు ఫైకోసయనిన్‌కు అందించును. అది తాను పట్టిన నారింజ కాంతిని కూడ చేర్చి అల్లోఫైకోసయనిన్‌కు, అది పత్రహరితమునకు అందించును. మిట్ట మడినుండి పల్లపు మడికి నీరు దిగినట్లే ఈ ప్రయాణము. ఈ పదార్థములు మిక్కిలి దగ్గరగా పేర్చియుండుటచే, సెకండులో వందకోట్లవ వంతు గడువక మునుపే నూటికి 90 పాళ్లకు పైగా శక్తి గమ్యము చేరును. మన పంట బోదెలకు ఇట్టి భాగ్యము లేదు!

ఇంత పొదుపు ఎందుకనగా, గాలిలోని నత్రజనిని పైరుకు పనికివచ్చునట్లు మార్చుట మిక్కిలి శక్తిని కోరు పని. వరి నేలలలో ఈ నాచు ఆ పని చేయునని 1939లోనే పి. కె. డే చూపియున్నారు. బాగుగా పెరిగినచో హెక్టారుకు 20 నుండి 30 కిలోల నత్రజని లభించును. కాని నీటిలో యూరియా సిద్ధముగా నున్నప్పుడు నాచు ఆ శ్రమ మానుకొనును. కనుక రెంటిని ఒకే వారములో నీటిపై చల్లుట డబ్బు దండుగ. యూరియా మానుడని నేననుట లేదు. బురదలో కలియునట్లు వేయుడు.

జుట్టువలె సాగు పచ్చని నాచు వేరు. జిగురుగా, ముదురు నీలి ఆకుపచ్చ పొరగా తేలునది మనది. గ్రామాధికారులు ఆ పొరను కొంత ఎండబెట్టి, గాజు గ్లాసులో నానవేసి రైతులకు చూపవలెనని నా కోరిక. నీరు నీలముగా మారును. అది విడివడిన ఫైకోసయనిన్. ఎండలో ప్రక్కనుండి చూచిన ఎర్రగా మెరయును. అందుకొనువారు ప్రక్కన లేనందున అది పట్టిన కాంతిని అట్లు బయటికి విడిచివేయుచున్నది. మైలుతుత్తముతో చచ్చిన నాచులోను ఈ పేర్పు ఇట్లే చెదరిపోవును.