షరతులు వర్తించవు
హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లను కదిపితే చాలు, టెస్ట్ సిరీస్ యాప్‌ల బాగోతం బయటికొస్తుంది: తెరుచుకోని వీడియోలు, తప్పుల తడక కీ, పాత సిలబస్ ప్రశ్నలు. అడిగితే 'కట్టిన డబ్బు వాపసు ఇవ్వబడదు' అన్న షరతు చూపిస్తారు. అది బెదిరింపే తప్ప చట్టం కాదు. కోచింగ్ సంస్థలు విద్యాసంస్థల కిందికి రావని, వాటిపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని జాతీయ కమిషన్ 2020లోనే చెప్పింది. వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల్లోనే అని వాళ్లు రాసుకున్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. నారాయణగూడ హాస్టల్ గదిలోంచే ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. గడువు రెండేళ్లు, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, ఆయన 48 గంటల్లో అందిందనాలి, నెలలో తేల్చాలి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్. అయితే ఉత్తినే నచ్చలేదంటే కేసు నిలవదు. చెప్పిందొకటి, ఇచ్చిందొకటి అని చూపాలి. అందుకే కొనేముందే ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవాలి. కేసును మూడు నెలల్లో తేల్చమని చట్టం అంటుంది గానీ, అలా తేలేవి తక్కువే. పరీక్ష ముంచుకొస్తుంటే రెండు వేల కోసం ఎవడు తిరుగుతాడులే అన్నదే కంపెనీల ధీమా. కానీ కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఉమ్మడి ఫిర్యాదు వేసే వీలు చట్టంలోనే ఉంది. చిక్కడపల్లి లైబ్రరీలో పక్కపక్కనే కూర్చుని అదే యాప్‌ను తిట్టుకునేవాళ్లు ఆ పని ఎందుకు తలపెట్టరో నాకు అంతుపట్టదు.