బీపీ బిళ్ళ ఎందుకు మానేస్తున్నారు?

పక్షవాతంతో ఆసుపత్రికి చేరినవారి బంధువులను మందులు వాడుతున్నారా అని అడిగితే, "మొన్నటిదాకా వాడాడండీ, బాగానే ఉందని మానేశాడు" అనడం వైద్యులకు తరచు వినిపించే మాటే. బిళ్ళలు కొనలేకనే మానేస్తున్నారా అంటే అదీ కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగానే ఇస్తారు. చిక్కంతా మనసులో ఉన్నది.

మన వాడుకలో బీపీ అంటే కోపం. "నాకు బీపీ తెప్పించకు" అంటాం. ఈ మాట చేస్తున్న హాని ఇంతా అంతా కాదు. శాంతస్వభావి తనకు బీపీ ఏమిటనుకుంటాడు. తల తిరిగిననాడు ఒక బిళ్ళ వేసుకుని, తగ్గగానే డబ్బా పక్కన పెడతాడు. నిజానికి పోటు 160 దాటినా ఒంటికి ఏమీ తెలియకపోవచ్చు. నొప్పిలేని రోగానికి రోజూ మందు మింగడం ఎవరికైనా కష్టమే. 140/90 కంటే దిగితే రోగం పోయిందని సంబరం! దించింది ఆ బిళ్ళేనని, మానితే మళ్ళీ ఎక్కుతుందని చెప్పేవారేరి?

కొందరికి అలవాటు పడిపోతామని భయం. ఇదేమీ మత్తుమందు కాదు. కళ్ళజోడు వంటిది. నలభై ఏళ్ళకే రోగి అనిపించుకోవడం మరికొందరికి నామోషీ. భార్య పోయిన వృద్ధుని సంగతి వేరు. గుర్తుచేసే మనిషి లేదు, బతికి ఏం చేయాలన్న దిగులు ఒకటి. అటువంటివారిని ఆశా కార్యకర్త వారానికొకసారి పలకరించినా మేలే.

వైద్యుల లోపమూ లేకపోలేదు. "మందు వేసుకుంటున్నావా?" అని గద్దిస్తే రోగి "ఆ, వేసుకుంటున్నానండీ" అంటాడు. అది నమ్మి డాక్టరు మోతాదు పెంచుతాడు. "ఈ వారంలో ఎన్ని రోజులు తప్పింది?" అని నెమ్మదిగా అడిగితే నిజం బయటపడుతుంది. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు రావచ్చు. ఆ ముక్క ముందే చెబితే మందు మార్చమని వస్తారు. చెప్పకపోతే కిడ్నీలు పోయాయని హడలి మానేస్తారు.

రక్తపోటు అదుపునకు కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్ తదితర సంస్థలు 2017లో చేపట్టిన పథకానికి తొలుత ఎంచుకున్న అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. నెలకు సరిపడా మందు ఒకేసారి ఇవ్వడం, రానివారిని వెతికి పిలవడం అందులోని పద్ధతులు. సంతోషించదగినదే. నిలకడగా ఉన్నవారికి రెండు మూడు నెలల బిళ్ళలు ఒక్కసారే చేతిలో పెడితే ఇంకా మంచిది. ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని "స్టాకు లేదు, సోమవారం రా" అని తిప్పి పంపితే, ఆ సోమవారం అతను రాడు.