కప్పు బరువు మోస్తే చాలదు

భూకంపం మనిషిని చంపదు, కూలే కట్టడమే చంపుతుందంటారు. నిజమే! మరైతే ఏ కట్టడం, ఎక్కడ, ఎందుకు విడిపోతుందో ముందుగా తెలుసుకోవద్దా?

ఇటలీలోని ఎమీలియా పంటల సీమ, ఫ్యాక్టరీలూ ఎక్కువే. అక్కడ 2012 మే 20న, మళ్ళీ 29న భూమి కంపించింది. తీవ్రత ఇంచుమించు 6. రెండోసారి ఉదయంపూట, కార్మికులు పనిలో ఉండగా వచ్చింది. కాంక్రీటు షెడ్లు వాళ్ళ నెత్తినే పడ్డాయి. కారణమేమిటి? ముందే పోతపోసి తెచ్చిన దూలాలను చాలాచోట్ల స్తంభాలపై ఊరికే ఆనించారు. సొంత బరువు, రాపిడి తప్ప వాటిని పట్టి ఉంచేది లేదు. కిందికి దిగే బరువుకు లెక్క కట్టారు, పక్కకు ఊగే ఊపుకు కట్టలేదు. 2003 వరకు ఆ సీమలో చాలా భాగాన్ని భూకంప ప్రాంతంగా లెక్కించనే లేదు మరి!

మా ఊళ్ళో పశువుల పాక వేసేవాడు సైతం వాసాన్ని గుంజకు తాడేసి బిగిస్తాడు. గాలి పక్కనుంచి కొడుతుందని అతనికి తెలుసు.

ఇలాంటివి కాగితం మీది లెక్కతోనే తేలవు, పరీక్షించి చూడాలి. ఇటలీలోనే ఇస్ప్రాలో 'ఎల్సా' అనే ప్రయోగశాల ఉంది. 16 మీటర్ల ఎత్తయిన గోడ దన్నుతో, హైడ్రాలిక్ జాకీలు అసలు సైజు కట్టడాన్నే మెల్లగా తోసి లాగుతాయి. భూకంపంలో అది ఎంత కదిలేదో కంప్యూటరు అడుగడుగునా లెక్కగడుతుంది. పోతపోసిన భాగాలతో మూడంతస్తులు నిలబెట్టి, వాటి జాయింట్లను అక్కడ పరీక్షించారు. జపానులోని మికిలో 2005లో మొదలైన కంపన బల్ల 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. 1,200 టన్నుల కట్టడాన్ని ఊపగలదు. 1995 కోబే విషాదం నేర్పిన పాఠమది.

"మనది గట్టి దక్కను నేల, మనకెందుకీ గోల?" అనేవారున్నారు. 1969లో భద్రాచలం, 1993లో మహారాష్ట్రలోని కిల్లారి, 2024లో ములుగు ఆ ధీమాను కదిలించలేదా?

మన దేశంలోనూ రూర్కీ, చెన్నై, బెంగుళూరుల్లో కంపన బల్లలున్నాయి. ఆనకట్టలకు, అణు కేంద్రాలకు చూపే శ్రద్ధలో కొంతైనా రైసుమిల్లుకు, జిన్నింగు మిల్లుకు, కోల్డ్ స్టోరేజికి దక్కాలని నా వాదన. ఖర్చంటారా? ఒకే నమూనా షెడ్లు ఊరూరా లేస్తాయి. ఒక్క జాయింటును సరిగా పరీక్షిస్తే ఆ నమూనా షెడ్లన్నిటికీ దారి దొరుకుతుంది.

మోటారు కొంటే గ్యారంటీ కాగితం అడుగుతాం. అది నడిపేవాడి నెత్తిమీది కప్పుకు ఏ కాగితం అడుగుతున్నాం? మిత్రులారా, ఆలోచించండి!